అరచేతికి వినిపించే గొంతు

వెచ్చని చిన్న అరచేయి.

సుద్దపొడి అంటిన వేళ్లు.

టీచరు గొంతు మీద వాలి, కదలకుండా... వింటున్నాయి.

అది చెవులు వినపడని పిల్లల బడి. అక్కడ అక్షరాలు పెదవుల మీంచి వస్తాయి, అరచేతుల్లోంచి వస్తాయి. చూడటానికి ‘ప’ అన్నా ‘బ’ అన్నా పెదవులు ఒకేలా కలుస్తాయి, ఒకేలా విడిపోతాయి. తేడా గొంతుకే తెలుసు. ‘ప’కి ఊరుకుంటుంది. ‘బ’కి వణుకుతుంది.

అందుకే ఆమె ఒక్కొక్కరినీ దగ్గరికి తీసుకుని, ఆ చేతుల్ని తన గొంతు మీద పెట్టుకునేది.

ఆ రోజు వంతు పిచ్చుకది. ఒక్కచోట కుదురుగా కూర్చోదని పెట్టిన పేరు. కానీ ఆ రోజు పిచ్చుక వేలు ఒక్కచోటే ఆగింది. మెల్లగా నొక్కింది. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గుండ్రంగా చుట్టి చూపించింది.

టీచర్, లోపల గోలీ ఉంది.

టీచరు నవ్వింది. ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడేదాకా నవ్వుతూనే ఉంది.

గుటక వేసింది.

గోలీ పైకి లేచింది... కిందకు దిగింది.

గొంతులో పచ్చి వెలక్కాయ పడటం అంటే అన్నాళ్లూ మాట వరసకే అనుకుంది.

స్కానింగ్ తెర మీద థైరాయిడ్‌లో రెండు గడ్డలు. ఒకటి సాధువు. రెండోదాని అంచులే బాగాలేవు. సన్నటి సూది గుచ్చి నాలుగు చుక్కలు తీశారు. ఆ చుక్కలు నిజం చెప్పేశాయి.

“క్యాన్సరే,” అంది ఆపరేషన్ చేసే డాక్టరమ్మ. “కాకపోతే నత్తనడక రకం. తీసేద్దాం.”

“నా గొంతు?”

“మాట పలికించే నరం ఆ గడ్డను రాసుకునే వెళ్తుందమ్మా. జాగ్రత్తగానే చేస్తాను... మాట మాత్రం ఇవ్వలేను.”

రోజు ఖాయమైంది.

ఆ రోజు రాకముందే లోకం తలుపులేసుకుంది.

బడికి తాళం. వీధికి తాళం. ఊపిరాడని మనుషులతో ఆసుపత్రి నిండిపోయింది. ఆమె కోసం ఉంచిన మంచం మీద ఇప్పుడు ఇంకెవరో గాలి కోసం పెనుగులాడుతున్నారు. డాక్టరమ్మ ఫోన్ చేసింది. కొన్నాళ్లు ఆగినా కొంప మునగదంది. మధ్యమధ్య కొలుద్దాం, పెరిగిందంటే ఆగేది లేదంది.

“ఆలస్యం అమృతం విషం!” అమ్మ ఇంత ఎత్తున లేచింది.

“నిదానమే ప్రధానం అన్నదీ నువ్వే కదమ్మా. ఏది వినమంటావు?”

అమ్మ వంటగదిలోకి వెళ్లి గిన్నెల మీద కోపం తీర్చుకుంది.

ఆగుతాను, అనుకుంది ఆమె. చేతులు కట్టుకుని మాత్రం కాదు.

ఫోన్ తెర మీద పాఠం మొదలుపెట్టింది. మొదటి రోజే పిచ్చుక ఏడుస్తూ సైగ చేసింది — బయట ఎవరికీ నోళ్లు లేవు. నిజమే. మాస్కు వెనక ఊరంతా పెదవులు దాచేసుకుంది. పెదవులు చూసి లోకాన్ని వినే పిల్లలకు లోకం ఒక్క దెబ్బతో మూగబోయింది.

ఆమె కత్తెర తీసింది. మాస్కు మధ్యలో కిటికీ కోసింది. అమ్మ ఆ కిటికీకి పలచటి ప్లాస్టిక్ అద్దం కుట్టింది. ఒకటి కుట్టాక ఇంకొకటి... ప్రతి పిల్లవాడి ఇంటికీ, ప్రతి అమ్మ నోటికీ.

ఆమె భర్త తోలే బస్సు షెడ్డులో పడి ఉంది. ఆయన స్కూటరు మీద ఖాళీ రోడ్ల వెంట ఆమెను స్కాన్‌కు తీసుకెళ్లేవాడు. లోపలికి రానివ్వరు. గేటు బయట నిలబడేవాడు.

మొదటిసారి, గడ్డ కదల్లేదు.

తర్వాత పెరిగింది. పిసరంత. దాని పక్కన ఇంకో చిన్న బిళ్ల కనిపించింది.

“ఇక ఆగం,” అంది డాక్టరమ్మ.

“నేనూ ఆగను,” అంది ఆమె.

మెలకువ వచ్చేసరికి గొంతు అడుగున సన్నటి కుట్టు. వేళ్ల చివర్లలో చీమలు పాకుతున్నాయి. క్యాల్షియం తగ్గిందట. నీళ్లు కావాలని అడగబోయింది.

ఎండుటాకు మీద ఎవరో నడిచారు.

అది తన గొంతే.

మిగిలిన పని అయోడిన్ మందుది. ఆ మందు మింగాక ఒంట్లోంచి రేడియేషన్ వస్తుందట, కొన్నాళ్లు ఆమె దగ్గరికి ఎవరూ రాకూడదు. తలుపు అవతల కంచం పెట్టి అమ్మ అంది — “ఇన్నాళ్లూ నీకు ఎవరి నుంచి ఏం అంటుకుంటుందోనని మేం హడలి చచ్చాం. ఇప్పుడు నిన్ను చూసి మేం హడలాలట. చెల్లుకు చెల్లు!”

ఆమె నవ్వింది. నవ్వు కూడా బొంగురుగానే వచ్చింది.

తలుపు ఇవతల పొద్దున్నే పరగడుపున మాత్ర. తర్వాత సాధన. ‘ఆ...’ తెగింది. ‘ఆ...’ మళ్లీ తెగింది. ఒకరోజు నిలబడింది. మర్నాడు నిలబడలేదు. ఆ మర్నాడు ఆమె మళ్లీ మొదలుపెట్టింది.

బడి తెరుస్తారనగా హెడ్‌మాస్టరు ఫోన్ చేశాడు. మంచివాడే. “గొంతు ఇలా ఉంది కదమ్మా... ఆఫీసు పని చూసుకోకూడదూ? కుర్చీలో కూర్చునే పనే.”

ఆమె ఒక గుక్క నీళ్లు తాగింది. గొంతు కూడదీసుకుంది.

“నా పిల్లలకు కోకిల గొంతు అక్కర్లేదండీ. వణికే గొంతు చాలు. నాది వణుకుతోంది.”



“సోమవారం రండి,” అన్నాడు.

రక్తపరీక్షలో కనిపించకూడనిది ఇంకా కొంచెం కనిపిస్తోంది. చూద్దాం, అంది డాక్టరమ్మ. చూద్దాం, అంది ఆమె కూడా. సంచి భుజానికి తగిలించుకుంది.

పిచ్చుక పై తరగతికి ఎగిరిపోయింది. ఆ చోట్లో కొత్త పిల్ల — బిగుసుకుని కూర్చుంది. బడిలో ఇంకా ఎవరూ ఎవరినీ ముట్టుకోకూడదు. దగ్గరికి తీసుకోకూడదు.

టీచరు ఒక పెద్ద బుడగకు పంపుతో గాలి కొట్టింది.

ఒక పక్క తన గొంతుకు ఆనించుకుంది, సరిగ్గా గీత పడిన చోట. రెండో పక్కన ఆ పిల్ల రెండు చేతులూ ఆన్చమంది. మధ్యన వాళ్లిద్దరి దూరం, గుండ్రంగా, ఎర్రగా.

“బ...”

గొంతు గీసుకుపోయింది. తెగింది.

బుడగ వణికింది.

ఆ పిల్ల చేతులు వెనక్కి లాక్కుంది. బుడగను చూసింది. మాస్కు కిటికీలోంచి టీచరు పెదవుల్ని చూసింది.

మెల్లగా... ఒక చేయి తిరిగి వచ్చింది.

టీచరు ఊపిరి తీసుకుంది.