కొత్త టైర్ల తొక్క

"కూరగాయలు తేవడానికి అంత పట్టున్న టైర్లెందుకమ్మా?" అన్నాడు కత్సునోరి, సూపు గిన్నె పెదవుల దగ్గర పెట్టుకునే.

భార్యను అమ్మా అని పిలవడం ఆ ఇంట్లో కొడుకు పుట్టినప్పుడు మొదలైంది. కొడుకు ఒసాకాలో కాపురం పెట్టినా పిలుపు మారలేదు. ఆమె పేరు ఫుమియే అని ఆయనకు గుర్తుందో లేదో ఆమెకే అనుమానం.

ఫుమియే ఆయన గిన్నెలో మళ్లీ అన్నం పెట్టింది. టైర్ల పక్కలు బీటలిచ్చాయి, మార్చక తప్పదని కారు తనిఖీ చేసినవాళ్లు చెప్పేశారు. ఏవి వెయ్యాలన్నదే మిగిలింది. ఆయన అదీ తేల్చేసుకున్నాడు. తన పెద్ద కారుకు వేయించినవే. చప్పుడు చెయ్యవు, పెట్రోలు తక్కువ తాగుతాయి, ఏళ్ల తరబడి అరగవు.

కానీ ఈ కారు ఆమెది. రెండే సీట్లు, పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు. పెళ్లికి ముందు కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలో సంపాదించుకున్న జీతంతో కొనుక్కుంది. ఆ రోజుల్లో ఆదివారం తెల్లవారితే చాలు, స్నేహితురాలు షిగెయో తన బండిలో, ఈమె ఈ బండిలో అకాగి కొండ ఎక్కేవాళ్లు. వంపుకు ముందు బ్రేకు వేసి, బండి ముక్కు కాస్త వంగాక స్టీరింగ్ తిప్పితే, టైర్లు రోడ్డును పట్టుకున్న సంగతి చేతులకన్నా ముందు నడుముకు తెలిసేది. చెట్ల మధ్య నుంచి చల్లటి గాలి, తడి ఆకుల వాసన, ఆ వెనకే కాగిన రబ్బరు వాసన. పైన సరస్సు ఒడ్డున బళ్లు ఆపి, దిగీ దిగగానే వంగి టైర్ల మీద అరచెయ్యి పెట్టి చూసుకునేవాళ్లు. అప్పుడే ఉడికించి దంచిన బియ్యపు ముద్దలా రబ్బరు వెచ్చగా, మెత్తగా, చేతికి అంటుకునేది. "నాదే ఎక్కువ కాగింది" అంటే "పోవే, నీది బ్రేకు వాసన" అని షిగెయో వెక్కిరించేది. ఆ నల్లటి చేతులతోనే డబ్బా కాఫీ తాగేవాళ్లు. ఎవరికోసమో చేసిన పని కాదది. ఎవరికీ వడ్డించాల్సింది కాదు. బహుశా అందుకే ఇన్నేళ్లయినా రుచి పోలేదు.

పెళ్లయ్యాక అత్తగారు ఒక్క మాటే అంది. "కోడలి బండి అరుచుకుంటూ వస్తుంటే ఇరుగుపొరుగు కిటికీలు తెరిచి చూస్తున్నారమ్మా." ఆ మర్నాటి నుంచి ఫుమియే వీధి మొదట్లోనే వేగం తగ్గించింది. ఆదివారాలు బండి కత్సునోరి తీసుకెళ్లేవాడు, ఆఫీసువాళ్లకు చూపించడానికి. "కొండ వంపులు ఆడవాళ్లకెందుకు, ఇంట్లో లేవూ మలుపులు" అని నవ్వేవాడు. తర్వాత అత్తగారికి నడుము నొప్పి. ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు కుదుపు తగలకూడదు. నిండు గిన్నె పట్టుకుని నడిచినట్టు నడిపేది. అదే అలవాటైపోయింది. మధ్యలో టైర్లు మారినప్పుడల్లా ఆయనే ఎంచాడు, ఈమె సరేనంది. అత్తగారు పోయాక, ఎప్పుడైనా కూరగాయలకు తీస్తే తప్ప, బండి గుడ్డ కప్పుకుని వాకిట్లో నిలబడే ఉంది. ఇప్పుడు తనకు అరవై దాటింది. ఈ టైర్లు అరిగేనాటికి తన కళ్లు, మోకాళ్లు ఎలా ఉంటాయో. మళ్లీ ఆ కొండను అలా పట్టున్న టైర్లతో ఎక్కాలంటే ఈసారే.

ఆ ఉదయమే తిన్నాక ఇద్దరూ ఆ బండిలోనే మయేబాషిలో టైర్ల షాపుకు వెళ్లారు. తండ్రి తర్వాత షాపు షిగెయోదే.

"ఏమే ఫుమీ, ఇన్నాళ్లకు దారి దొరికిందా?" అంటూ వచ్చి, టైరు మీద గోరుతో నొక్కింది. గాటు పడలేదు.

"చూడండి, గీతలింకా ఎంత లోతున్నాయో" అన్నాడు కత్సునోరి. "అరగనే లేదు."

"అరగలేదు బావగారూ. గట్టిపడిపోయింది. నడపకుండా ఉంచితే రబ్బరు ఇంతే."

తననే అన్నట్టయి ఫుమియే టైరు మీంచి చెయ్యి తీసేసుకుంది.

షిగెయో మూడు రకాలు దొర్లించుకొచ్చింది. ఆయన తన రకం మీద చెయ్యేశాడు. ఫుమియే చివరిదాని దగ్గర వంగి చూసింది. దాదాపు గీతలే లేవు.

"ఇది కారు పందేలది. వానొస్తే నీళ్లమీద తేలిపోతుంది. రోడ్డుబండికి వద్దు" అంది షిగెయో.

"అయితే ఈ నడిమిది. మెత్తగా ఉంది, నీళ్లు పోవడానికి గీతలూ ఉన్నాయి. చలికాలం పొద్దున్నే?"

"కాగేదాకా జారుతుంది. మెల్లగా పోవాలి. మోత ఉంటుంది. తొందరగా అరుగుతుంది కూడా. తర్వాత నన్ననకు."

"వెడల్పు మాత్రం పెంచకు. తేలిక బండి, స్టీరింగ్ బరువెక్కిపోతుంది."

"మర్చిపోలేదే నువ్వు!" అంది షిగెయో.

"తొందరగా అరుగుతాయని ఆవిడే చెబుతుంటే!" అన్నాడు కత్సునోరి.

"అరగనివ్వండి" అంది ఫుమియే.

 టైర్లు ఎక్కించేదాకా ఆయన అటూ ఇటూ తిరిగాడు.

"కొన్నాళ్లు దూకుడుగా పోకే" అంది షిగెయో చేతులు తుడుచుకుంటూ. "ముందు తొక్క ఒలవాలి."

అచ్చులోంచి వచ్చిన కొత్త టైరు మీద నున్నటి పొర ఉంటుంది. మెల్లగా నడిపి అది పోగొడితేగాని పట్టు రాదు. అక్కడ దాన్ని తొక్క ఒలవడం అంటారు. ముల్లంగికీ అదే మాట, టైరుకూ అదే మాట.

కత్సునోరి భార్యను చూపిస్తూ పెద్దగా నవ్వాడు. "ఒలవడమా! అందులో మా అమ్మను మించినవాళ్లు లేరు. ముల్లంగి, చేమదుంప, ఏదైనా సరే!" అని, వెంటనే చెయ్యి చాపాడు. "తాళం ఇటివ్వు. ఈ ఒలుపుడు నేను చూసుకుంటా. జారుడు వదిలాక నువ్వు నడుపుదువుగాని."

ఆ గొంతులో కోపం లేదు. మంచే చేస్తున్నాననుకుంటున్నాడు. స్నానాల తొట్టి నిండినప్పుడూ ఆ ఇంట్లో ఇలాగే. పొగలు కక్కే నీళ్లలో ముందు మగవాళ్లు, తర్వాత అత్తగారు, అందరిదీ అయ్యాక అవే నీళ్లలో కోడలు. ఆమె దిగేసరికి నీళ్లు గోరువెచ్చగా కూడా ఉండేవి కావు. ఎవరూ ఆమెను ఆపలేదు. ఆమె వంతు అదని అందరూ అనుకున్నారు, ఆమెతో సహా.

ఫుమియే సీట్లో కూర్చుని పైకప్పు వెనక్కి మడిచింది. తాళం తిప్పింది.

"ఎక్కడికి?" అన్నాడు.

"కొండకి."

"మరి నా భోజనం?"

"బస్ స్టాప్ ఆ మలుపులోనే ఉందండీ. వంటింట్లో చేమదుంపలున్నాయి, వాటి తొక్క మీరు ఒలవండి" అంది ఫుమియే. "వీటిది నేను ఒలుచుకుంటాను."