ఫ్లాసీ నీడ

పొద్దున పదకొండు గంటలకే పెట్రోలు బంకు పైకప్పు రేకులు చిటపటమంటున్నాయి. క్లారీ హెండిల్ డీజిలు పోయించుకుంటుంటే, బండి వెనక తొట్టిలోంచి దిగిన ఫ్లాసీ ఖాళీ జాగా చూసుకుని పడుకుంది. లారీ డ్రైవర్లు నలుగురు టీ కప్పులూ మటన్ పఫ్‌లూ పట్టుకుని, ఎప్పటిలాగే దాని నీడలోకి చేరారు. ఫ్లాసీ మోకాలెత్తు గొర్రెల కుక్క. నీడ మాత్రం గొర్రెల షెడ్డంత. ఉన్ని కత్తిరించేవాళ్ళు పదమూడేళ్ళుగా ఆ నీడలోనే భోజనాలు చేశారు. ఒకసారి పాస్టరు అక్కడ పెళ్ళి కూడా జరిపించాడు. ఆ ఎండలో నీడ దొరికితే కూర్చోవడమే గానీ ఎందుకుందని అడిగే ఓపిక ఎవరికుంటుంది?

"ఊళ్ళో కాపురం పెడుతున్నారటగా క్లారీ! మరి దీన్నెవరికిస్తున్నావ్?" అన్నాడొక డ్రైవరు.

క్లారీ వినిపించుకోనట్టు మూత బిగించాడు. లోపల కూర్చున్న అతని భార్య నోలీన్ అద్దం పైకెత్తేసుకుంది.

ఏడేళ్ళు వాన లేక గొర్రెలు పోయాయి, ఆ తరవాత నేలా పోయింది. ఊళ్ళో వాళ్ళకి దొరికిన ముసలాళ్ళ ఇళ్ళలోకి కుక్కల్ని రానివ్వరు. పని అయిపోయిన కుక్కని యజమానే తన చేత్తో కాల్చాలి, ఇంకొకరికి అప్పజెప్పడం మగాడి లక్షణం కాదు. అక్కడివాళ్ళ పరువులు అలాంటివి. సీటు వెనక తుపాకీ ఉందని నోలీన్‌కి తెలుసు. ఎప్పుడని మాత్రం అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని భయం.

నూటయాభై కిలోమీటర్లు పోయాక క్లారీ పెద్ద రోడ్డు దిగి బండిని ఎడమకి తిప్పాడు.

"ఇటెందుకు?"

"పాత కంచె దగ్గరికి. దీని అమ్మని అక్కడే పాతాను. అమ్మమ్మనీ అక్కడే."

"బయల్దేరేముందు పోలీసాయనకి పెద్ద రోడ్డనే కదా చెప్పావు! ఇటొచ్చామని ఎవరికి తెలుస్తుంది?"

"నలభై ఏళ్ళు ఈ నేల మీద బతికాను. నాకు దారి చెప్పకు."

కంచె కనబడుతుండగానే రేడియేటరు గొట్టం పగిలింది. టేపు చుట్టాడు, గుడ్డ కట్టాడు. నీళ్ళన్నీ ఇసుక తాగేసింది. ఫోన్లు అక్కడ పలకవు. బండిలో మాట్లాడుకునే రేడియో ఉండేది గానీ, నేల కొన్నాయన అడిగాడని అదీ ఇచ్చేశాడు. తాగే నీళ్ళు డబ్బాలో ఇరవై లీటర్లుంటాయి.

క్లారీ తుపాకీ తీశాడు.

"ముగ్గురికి చాలవు. ఎలాగూ చెయ్యాల్సిన పనేగా."

నోలీన్ దిగి వెళ్ళి కుక్క నీడలో కూలబడింది. బండి లోపల ఊపిరాడదు, బండి కింద ఇసుక పెనంలా ఉంది.

"లే, నోలీన్."

"కాల్చు. కాల్చాక నన్నెక్కడ కూర్చోబెడతావో అది కూడా చెప్పు."

క్లారీ తుపాకీ లోపల పడేసి, తనూ వచ్చి నీడలో కూర్చున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నెగ్గించుకున్న మాట అదొక్కటే.

మర్నాడంతా ఎదురుచూశారు. బండి చెడితే బండి వదిలి కదలకూడదు. వచ్చే పోయే యాత్రికులకి ఆ మాట చెప్పి చెప్పి క్లారీ నోరు అరిగిపోయింది. కానీ వెతికేవాళ్ళు పెద్ద రోడ్డు మీదే వెతుకుతారు. అది తన నిర్వాకమేనని అతనికి తెలుసు. ఆ మర్నాడు పొద్దున రెండు లీటర్ల నీళ్ళు తీసుకుని లేచాడు. నీళ్ళు దొరికే గాలిమర బోరు కంచె వెంట పద్దెనిమిది కిలోమీటర్లు.

"పొద్దు వాలాక వెళ్ళు," అంది నోలీన్.

"పొద్దు వాలితే ఈ శుక్లాల కళ్ళకి ఏమానుతుంది?"

"అయితే దీన్నైనా తీసుకెళ్ళు."

"నువ్వు మాడిపోతావు."

పని కుక్కని ముద్దు చెయ్యకూడదంటాడు. ఆ రోజు మాత్రం వంగి చెవి వెనక గోకాడు. "కూర్చో. నేనొచ్చేదాకా లేవకు."

ఫ్లాసీ అతని మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. దానికి ఇద్దరు యజమానులు పనికిరారని, నోలీన్‌ని ఏనాడూ ఒక్క మాట చెప్పనివ్వలేదు. క్లారీ చుక్కంతై కనుమరుగయ్యేదాకా కుక్క వణుకుతూ చూసింది. లేవలేదు.

పొద్దు తిరిగినకొద్దీ నీడ తిరిగింది. నీడతోపాటు నోలీన్ జరిగింది. మధ్యాహ్నం గాలి కూడా కాలుతుంటే కుక్కని రెండు చేతులతో తోసింది. "వెళ్ళవే తల్లీ! ఆయన దగ్గరికి పో! నీకు పుణ్యముంటుంది, పోవే!" ఫ్లాసీ మూలిగి, అతను పోయిన వైపు చూసి, తల నేలకి ఆనించింది. రెండోసారి తోసింది. మూడోసారి తోయలేదు. ఆ నీడ తనకి మిగిలినందుకు ఆమె మనసు లోపలెక్కడో కుదుటపడింది. ఆ కుదుటపాటుని నోలీన్ బతికినన్నాళ్ళూ క్షమించుకోలేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నం బెవన్ వచ్చాడు. అడవి కుక్కలు రాకుండా వేసిన ఆ కంచెకి మరమ్మతులు చేసేది అతనే. ఇసుక దిబ్బ మీంచి, చెట్టు లేదని తనకి బాగా తెలిసిన చోట నీడ చూసి బండి ఇటు తిప్పాడు. దిగి టోపీ తీశాడు. అతని బండి తొట్టిలో పొడుగ్గా ఏదో ఉంది, పైన టార్పాలిన్ కప్పి ఉంది. ఒక పక్క బూట్లు బయటికొచ్చాయి.

"పది కిలోమీటర్ల అవతల, కంచె పక్కన కనబడ్డాడు," అన్నాడు బెవన్. "గుంజ నీడలో తల పెట్టుకుని పడుకున్నాడు నోలీన్. జానెడు నీడ..."

నోలీన్‌కి ఏడుపు రాలేదు. ఏడవడానికి ఒంట్లో నీళ్ళు లేవు.

అప్పుడు ఫ్లాసీ లేచింది. బిగుసుకుపోయిన కాళ్ళతో బెవన్ బండి దాకా నడిచి, బూట్లు వాసన చూసి, వెనక చక్రం పక్కన పడుకుంది. నోలీన్ మీంచి నీడ జారిపోయింది. వెళ్ళి తొట్టిని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కప్పేసింది.

"ఎండలో ఉండిపోయావు, దాన్ని పిలువు," అన్నాడు బెవన్. "వస్తుంది."

"ఉండనీ," అంది నోలీన్. "నిన్న ఉండాల్సింది అక్కడే."

బెవన్ నీళ్ళిచ్చాడు, తన టోపీ ఇవ్వబోయాడు. నీళ్ళు తాగింది గానీ టోపీ తీసుకోలేదు. అతను తాళ్ళు బిగించడం అయ్యేదాకా నోలీన్ ఎండలోనే నిలబడింది.