అక్క కూనిరాగం

ఆఫీసులో అతన్ని అందరూ పొదుపయ్య అనేవారు. అది వెక్కిరింతో మెచ్చుకోలో తేల్చడం కష్టం. అతను మాత్రం మెచ్చుకోలుగానే పుచ్చుకుని కాలర్ ఎగరేసేవాడు.

వినికిడి తగ్గినవాళ్లు జేబులో వేసుకునే చిన్న పెట్టెను తయారుచేసే కంపెనీ అది. ఎదుటివాళ్ల మాట ముందు పెట్టెలో పడుతుంది, అక్కడ రొదంతా వడకట్టుకుని చెవిలో పెట్టుకున్న బిళ్లకు చేరుతుంది. పెట్టెలో ఓ బుల్లి కంప్యూటర్, దాని గుండెలో కెర్నెల్. ఈ కెర్నెల్ అనేది ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు లాంటిది. ఎవరు లేవాలి, ఎవరు పడుకోవాలి, ఎవరు నడిస్తే చాలు, ఎవరు పరుగెత్తాలి, అన్నీ తనే చూసుకోవాలి. ఆ నిద్రలూ ఆ పరుగులూ నిర్ణయించే భాగం రాయడమే పొదుపయ్య ఉద్యోగం.

నిద్రలో రకాలున్నాయి. కునుకు తీస్తున్న మైకు పిలవగానే లేస్తుంది కానీ బ్యాటరీని కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది. గాఢనిద్రలో ఉన్నది చుక్క తాగదు. అందుకని పొదుపయ్య ఓ ఏర్పాటు చేశాడు. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే మైకును గాఢనిద్రలోకి పంపేస్తాడు, ప్రాసెసర్ వేగాన్ని అట్టడుగుకు దించేస్తాడు. ఓ చిన్న సర్క్యూట్ మాత్రం గుమ్మం దగ్గర కాపలా కూర్చుంటుంది, చప్పుడు వినగానే అందరినీ తట్టి లేపుతుంది. మధ్యాహ్నానికే చేతులెత్తేసే బ్యాటరీ ఆ దెబ్బతో పడుకునే వేళ దాకా నిలబడింది. టీం లీడర్ భుజం తట్టాడు. పొదుపయ్యకు కొమ్ములు మొలిచాయి.

అమ్మకానికి ముందు కొందరికి వాడి చూడమని ఇచ్చిన పెట్టెల్లో ఒకటి అతని అక్క దగ్గరుంది. అక్క చదువుకున్న ఫార్మసిస్టు, పెద్ద మందుల షాపులో కౌంటర్ ఆమెది. చిన్నప్పటి నుంచీ వినికిడి తక్కువే, నోరు మాత్రం ఇద్దరి పెట్టు. మందు చీటీ రాసిన డాక్టరుకే ఫోన్ చేసి, ఈ రెండు మందులూ కలిపి ఎలా రాశారని నిలదీసే రకం.

ఈ పెట్టె చేతికొచ్చిన కొద్దిరోజులకే అక్క అడిగింది. "ఒరేయ్, దీంట్లో మొదటి మాట అందట్లేదురా. వరసగా మాట్లాడితే పరవాలేదు. కాసేపు ఎవరూ మాట్లాడకపోతే, తర్వాత వచ్చినవాళ్ల మొదటి మాట గల్లంతు."

పొదుపయ్య పెట్టెను ఆఫీసుకు తీసుకెళ్లి, తన బల్ల మీద లోపాలు వెతకడానికి వాడే డీబగ్ కేబుల్ తగిలించి, గంటసేపు పరీక్షించాడు. ఒక్క అక్షరం పోలేదు.

"నిక్షేపంలా ఉందక్కా. కొత్త పెట్టె కదా, నువ్వే అలవాటు పడాలి."

ఇంకోసారి చెప్పింది. ఇంకోసారి కేబుల్ తగిలించాడు. ఈసారి తిరిగిస్తూ ఓ మాట ఎక్కువే అన్నాడు. "పెట్టెలో ఏ లోపమూ లేదక్కా. ఓసారి డాక్టరుకు చూపించుకో. వయసు కూడా వస్తోంది కదా."

అక్క పెట్టె అందుకుని జేబులో వేసుకుంది. ఆ తర్వాత మళ్లీ దాని ఊసెత్తలేదు. ఆమె పోట్లాడకుండా ఊరుకున్న సందర్భం అతని ఎరుకలో అదొక్కటే, అయినా అతనికి అనుమానం రాలేదు.

అప్పటి నుంచే అక్కకు ఆ కూనిరాగం అలవాటైంది. అన్నం తింటున్నా, పుస్తకం చదువుతున్నా, ఊఁ ఊఁ అంటూ సన్నగా ఏదో లాగుతూ ఉండేది. కౌంటర్ దగ్గర కూడా అదే. జ్వరంతో వచ్చినవాళ్ల ముందు ఈ పాటలేమిటని ఎవరో యజమానితో అన్నారట. నలుగురూ ఆమెను వింతగా చూడసాగారు.

పెట్టె విడుదలకు ముందు ఆఫీసులో చిన్న సభ పెట్టారు. పొదుపయ్య గొప్పగా అక్కను వెంటబెట్టుకెళ్లాడు. పెద్ద బాస్ రాక కోసం హాలంతా నిశ్శబ్దంగా ఎదురుచూస్తుంటే, ముందు వరసలోంచి కూనిరాగం మొదలైంది. తలలు తిరిగాయి. పొదుపయ్య అక్క మోచేయి పట్టుకుని, పళ్ల బిగువున అన్నాడు. "ఆపక్కా. నలుగురిలో నా పరువు తీయకు."

అక్క ఆపేసింది. కాసేపటికి బాస్ వచ్చి నేరుగా ఆమె దగ్గర ఆగి, ఒక్క ముక్కలో ఏదో అడిగాడు. అక్క అయోమయంగా చూసింది. బాస్ జాలిగా నవ్వాడు. పొదుపయ్య ఆమె తరఫున తనే జవాబిచ్చాడు. "అక్కకు కొంచెం నెమ్మదిగా అర్థమవుతుంది సార్."

ఆ మాట అక్కకు పూర్తిగా వినిపించింది. అప్పటికి పెట్టె మేలుకునే ఉంది.

మర్నాడు ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. ఒకటో తారీకు నుంచి తనను కౌంటర్ తప్పించి వెనక గోడౌన్‌లో డబ్బాలు సర్దే పనికి మారుస్తున్నారట. ఒకటికి రెండుసార్లు అడిగితే గానీ ఆమెకు ఏదీ బుర్రకెక్కడం లేదని యజమాని అభిప్రాయం. "అయ్యో" అని జవాబిచ్చి పొదుపయ్య తన పనిలో పడ్డాడు.

ఆ వారంలోనే పక్క బల్ల ఆవిడ అతని కేబుల్ అరువు తీసుకెళ్లింది. తోచక పొదుపయ్య ఓ పెట్టెను ఉత్తిగా ముందు పెట్టుకుని, బిళ్ల చెవిలో పెట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. చెవిలో రెండు, మూడు పలికాయి. వెంటనే మళ్లీ అన్నాడు. మూడూ పలికాయి. కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చుని మళ్లీ అన్నాడు. ఒకటి పోయింది.

కేబుల్ తగిలించి ఉన్నంతసేపూ కెర్నెల్ లోపలి భాగాలను గాఢనిద్రలోకి పోనివ్వదు. ఈ సంగతి ఆ పని చేసేవాళ్లందరికీ తెలుసు. కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది కూడా పొదుపయ్యే. అంటే అతను రెండుసార్లూ పరీక్షించింది నిద్రపోని పెట్టెను. అక్క జేబులో ఉన్నది నిద్రపోయే పెట్టె. కాపలా సర్క్యూట్ తట్టి, మైకు లేచి, ప్రాసెసర్ వేగం పుంజుకునేలోగా ఎదుటివాడి మొదటి మాట గాల్లో కలిసిపోతోంది.

మరి అక్క ఎలా నెట్టుకొస్తోందని ఆలోచించాడు. గొంతులో సన్నగా ఊఁ అని రాగం తీసి, ఆపకుండా "ఒకటి" అన్నాడు. ఒకటి ఖంగుమని పలికింది.

ఆ పెట్టెను నిద్రపోనివ్వకుండా అక్క రోజంతా దానికి పాట పాడుతోంది. తను ఆ పాట నోరు మూయించి, ఆ తర్వాత ఆమెకు అర్థం కాదని పదిమందిలో చెప్పాడు. బిళ్ల చెవిలోంచి తీస్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

మైకును కునుకుతోనే సరిపెట్టేలా మార్చాడు. బ్యాటరీ మళ్లీ మధ్యాహ్నానికే దిగజారింది. విడుదల ఆపాలని చెబితే టీం లీడర్ ముఖం మాడ్చుకున్నాడు గానీ కాదనలేకపోయాడు. ఆ గండం గడిచింది. అసలుది మిగిలింది.

కొత్త వెర్షన్ వచ్చిందక్కా అని చెప్పి, చప్పుడు చేయకుండా పెట్టెలో ఎక్కించేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ బుద్ధి పుట్టిన మాట నిజం. అక్క షాపుకు వెళ్లే దారి పొడవునా పుడుతూనే ఉంది. కానీ పెట్టె బాగుపడితే యజమాని బుర్రలో ఉన్న అభిప్రాయం బాగుపడదు. అక్క బుర్ర మందగించిందనే అతను నమ్ముతాడు, గోడౌన్‌కే పంపుతాడు.

షాపులో మందుల కోసం జనం చడీచప్పుడు లేకుండా వరసగా నిలబడి ఉన్నారు. యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాడు. అక్క తల వంచుకుని ఎవరి చీటీయో చదువుతోంది. కూనిరాగం లేదు. సభ రోజు నుంచి మానేసినట్టుంది. పొదుపయ్య వరసను దాటుకుని కౌంటర్ ముందుకెళ్లి నిలబడ్డాడు. వెనకవాళ్లు కళ్లెర్రజేశారు.

"అక్కా" అనబోయి ఆగిపోయాడు. ఆ మాట ఆమెకు అందదు. అందకుండా చేసింది తనే.

కళ్లు దించుకుని, అక్క పాడే ఆ రాగాన్నే, వచ్చీరానట్టు, ఊఁ ఊఁ అంటూ తీశాడు. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. యజమాని కళ్లజోడు సర్దుకుని చూశాడు.

అక్క తలెత్తింది. తమ్ముడి ముఖం చూసింది, జేబులోని పెట్టె మీద చేయి వేసుకుంది. అతను రాగం ఆపలేదు. ఆపితే అది మళ్లీ నిద్రపోతుంది.

"ఊఁ, లేచింది" అంది అక్క. "చెప్పు. నాకొక్కదానికే కాదు, మా సార్‌కి కూడా వినపడేలా చెప్పు."