బావ కోసం రాసిన నోటీసు

ఆదివారం పొద్దున్నే బావ మేడ మీది గదికి వచ్చి, కుర్చీ ఖాళీగా ఉండగా మంచం పట్టె మీద కూర్చోవడంతోనే, ఏదో కాగితం పని పడిందని గుమాస్తాకు అర్థమైపోయింది. గుమాస్తా ఆ గదిలో చేరిన దగ్గర్నుంచీ, పద్నాలుగేళ్ళుగా అదే వరస. బావ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పగలడు గానీ, దరఖాస్తు ఫారం చూస్తే చాలు, ఆయనకు చెమటలు పడతాయి. దుకాణం లైసెన్సు, కరెంటు మీటరు మీద పేరు మార్పు, పదకొండు నెలల కిందట భార్య పోతే ఆ మరణ ధ్రువీకరణ పత్రం, అన్నీ బావమరిది చేతి మీదుగానే నడిచాయి. బావమరిది ఇరవై రెండేళ్ళుగా వకీళ్ళ దగ్గర గుమాస్తా. పోయినావిడ అతనికి సొంత అక్క.

బావ చాలాసేపు నీళ్ళు నమిలాడు. చివరికి తేలిన సంగతి ఇది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడు. రాబోయే ఆవిడ మంచి మనిషే, కానీ మొదటి భార్య తమ్ముడున్న ఇంట్లో కాపురం చేయలేనంది. అందుకని గది ఖాళీ చేయాలి. ఇంతవరకూ లోకంలో జరిగేదే. ఆ తర్వాత బావ అన్న మాట మాత్రం లోకంలో ఇంకెవరూ అని ఉండరు.

"నోటిమాటగా చెబితే చెల్లదట కదా. కాగితం మీద ఎలా ఇవ్వాలో నువ్వే చూడు."

కోపం రావలసిన చోటు అది. మీకూ నాకూ అయితే వచ్చేది. గుమాస్తాకు చీమ కుట్టినట్టయినా లేదు. అక్క పోయిన దగ్గర్నుంచీ అతనంతే. ఎవరేమన్నా పక్కింట్లో ఎవరో మాట్లాడుకుంటున్నట్టే వినిపిస్తుంది. రేపు రాసుకొస్తానని చెప్పాడు. బావ హమ్మయ్య అనుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆఫీసులో మొదటి పనిగా అదే పెట్టుకున్నాడు. అలవాటైన చెయ్యి, ఎక్కడా ఆగలేదు. ఇంటి హద్దులు రాశాడు, మేడ మీది గది కొలతలు రాశాడు. 'అద్దె లేకుండా, కేవలం అనుమతి మీద ఉంటున్న బంధువు' అని తన గురించి తానే రాసుకున్నాడు. నెల రోజులు గడువిచ్చాడు. సొంత మనిషే కదా అని పైన ఒక్క రోజయినా కలుపుకోలేదు.

ఇప్పుడతను పనిచేస్తున్న వకీలమ్మ అతనికన్నా పదిహేనేళ్ళు చిన్నది. కాగితం రెండుసార్లు చదివి, అడ్రసు చూసి, అతన్ని కూర్చోమంది. బంధువైనా సరే, ఉండనిచ్చిన మనిషిని ఉన్నపళాన బయటికి పొమ్మనడానికి వీల్లేదని చెప్పింది. గడువు ముగిసినా బావ తాళం మార్చకూడదు, కరెంటు తీయకూడదు, సామాను వీధిలో పెట్టకూడదు. కదలనంటే ఆయన కోర్టుకు పోవాల్సిందే, కోర్టు చెప్పేదాకా ఆ గది నుంచి ఎవరూ లేపలేరు. ఇదంతా గుమాస్తా వరండాలో బెంచీ మీద కూర్చునేవాళ్ళకు వందసార్లు చెప్పిందే. పాఠం అప్పజెబుతున్న పిల్ల ఎదురుగా మేష్టారు తలూపినట్టు ఊపాడు.

"ఎదుటివాళ్ళ నోటీసులో సూదిమొన దూరే సందున్నా పట్టుకుంటారు కదండీ మీరు. మీ మీద రాసేటప్పుడు ఒక్క సందయినా వదల్లేదేం?" అంది.

"తప్పు రాయడం చేతకాదమ్మా."

"పోనీ, మీకేం కావాలి? ఉండాలనా, వెళ్ళాలనా?"

బెంచీ మీద ఎవరొచ్చి కూర్చున్నా అతను మొట్టమొదట అడిగే ప్రశ్న అదే. ఆలోచించుకుని చెబుతానని లేచాడు.

ఆ సాయంత్రం పెన్సిల్‌తో గుర్తు పెట్టిన చోట బావ సంతకం చేశాడు. రెండో ప్రతి మీద 'అందినది' అని గుమాస్తా సంతకం చేశాడు. ఆ నెలంతా నోటీసిచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు. ఒకరికొకరు వడ్డించుకున్నారు కూడా. గుమాస్తా వేరే గది వెతకలేదు. అలాగని వెళ్ళనని చెప్పనూ లేదు.

ముప్ఫై ఒకటో రోజు మధ్యాహ్నం బావ దుకాణం నుంచి పెందలాడే వచ్చాడు.

"గడువయిపోయింది కదా" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"అయిపోయింది."

"మరిప్పుడు నేనేం చేయాలి?"

"దావా వేయాలి బావా."

"అదెవరు రాస్తారు?"

ఇంటిల్లిపాదికీ రాసిపెట్టే మనిషి ఒక్కడే, ఇప్పుడు కొత్తగా ఎవర్ని తెస్తారు? గుమాస్తా తెల్లకాగితాలు తీశాడు. దావాలో ముందుగా, ప్రతివాది ఆ ఇంట్లోకి ఎలా వచ్చాడో రాయాలి. "మా అక్క తీసుకొచ్చిందని రాస్తున్నాను" అన్నాడు, తలెత్తకుండా.

"మీ అక్క కాదు" అన్నాడు బావ. "తను వద్దంది. వాడి బతుకేదో వాణ్ణి బతకనివ్వండి అంది. నేనే పట్టుబట్టాను. నాకు అన్నదమ్ములెవరూ లేరు కదా. నువ్వుంటే నాలుగు మాటలు మాట్లాడుకోవచ్చనిపించింది."

కలం ఆగిపోయింది. పద్నాలుగేళ్ళూ అక్కకు తమ్ముడు గనక తనను భరిస్తున్నారనుకున్నాడు. ఆమె పోయాక ఇక్కడ తనదంటూ ఏమీ మిగల్లేదనుకున్నాడు. తిమ్మిరెక్కిన కాలు కింద మోపినట్టు, ఇన్నాళ్ళకు నొప్పి తెలిసింది. అక్క కోసం, బావ కోసం, తన కోసం కూడా కళ్ళు నిండాయి.

"దావా అక్కర్లేదు" అన్నాడు కాగితాలు సర్దుతూ. "ఈ ముక్క ఆ ఆదివారమే చెప్పి ఉంటే నోటీసు కూడా అక్కర్లేకపోయేది బావా. ఆ రోజే వెళ్ళిపోయేవాణ్ణి. రేపు వెళ్తాను."

కోర్టు చెప్పేదాకా కదలక్కర్లేని హక్కు ఇంకా అతని చేతిలోనే ఉంది. తనను కోరి తెచ్చుకున్న మనిషి మీద అది వాడుకోవాలని లేదు. ఒక్కసారి ఉండమంటాడేమోనని మాత్రం బావ మొహంలోకి చూశాడు. బావ ఉండమనలేదు. సామాను ఒక్కడివే దింపుకోలేవు, రేపు దుకాణం ఆలస్యంగా తెరిచి నేనూ ఓ చెయ్యి వేస్తాలే అన్నాడు.