రెండో కొస

చర్చిలో పీఠం మీద పరిచే పొడవాటి గుడ్డను మడత పెట్టాలంటే ఇద్దరుండాలి. ఒక్కరైతే కొస నేలకు తగులుతుంది. కాపురానికొచ్చినప్పటి నుంచీ ఆ పని తోడికోడళ్ళిద్దరిదే. కానీ పూజలో ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదపు అప్పాన్ని మోకరించి నాలుక మీదే తీసుకోవాలని పెద్దామె, నిలబడి చేతిలో తీసుకుంటే తప్పేమిటని చిన్నామె పంతం పట్టారు. చర్చి జనం రెండు జట్లయ్యారు. వీళ్ళిద్దరి మధ్య మాటలే ఆగిపోయాయి.

ఆ మధ్యాహ్నం పెద్దామె చర్చి వెనక గదిలో ఒక్కతే ఇస్త్రీ ముగించి, వెచ్చటి గుడ్డ ఒళ్ళో వేసుకుని కునుకు తీసింది. కలలో చర్చి కిటికీ రంగుటద్దాల వెలుగు నీళ్ళలా గదిలోకి పారింది. ఆ వెలుగు మీద నడుస్తూ తెల్లబట్టల్లో ఒకాయన వచ్చాడు.

"నువ్వే కరెక్టమ్మా. ఇక్కడ భక్తి ఉన్నది నీ ఒక్కదానికే," అన్నాడు.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు తన మాట వినే నాథుడు దొరికాడు!

"అయితే స్వామీ, కాస్త ఆ కొస పట్టుకోండి. మడత పెట్టేద్దాం."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నీకు ఇంకొకరెందుకమ్మా? నువ్వొక్కదానివే చాలు."

ఆమెకు ఒళ్ళు మండింది. పొగడడానికి నోరుంది గానీ పట్టుకోవడానికి చెయ్యి లేదా!

"దేవుడు పంపినవాడు ఆ మాటనడు. పోరా సైతానూ!"

తన కేకకు తనకే మెలకువ వచ్చింది. గుమ్మంలో తోడికోడలు, లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడి ఉంది.

"నేను మోకరించే తీసుకుంటానే," అంది పెద్దామె.

"నేను నిలబడే తీసుకుంటానక్కా."

"సరే, నిలబడు. నిలబడే ఈ కొస పట్టుకో."