పదిహేడో నంబరు చెయ్యి

ఆ ల్యాబులో ఆమెను అందరూ గ్లవ్సక్క అంటారు. ల్యాబన్నాక గ్లవ్స్ వేసుకోనిదెవరు అంటే నిజమే, కానీ మిగతావాళ్ళు టీకి వెళ్ళేటప్పుడు తీసేస్తారు. ఈమె తియ్యదు. పాత జత బుట్టలో పడేసి, కొత్త జత తొడుక్కుని మరీ కప్పు పట్టుకుంటుంది. చేతులకి రబ్బరు మొలిచిందేమోనని వెనకాల నవ్వుకుంటారు. తొమ్మిదేళ్ళుగా నవ్వుకుంటూనే ఉన్నారు గానీ, ఒక్కరికీ అనుమానం రాలేదు. అది బొల్లి మీద పరిశోధన చేసే ల్యాబు అని చెబితే మీకు నవ్వొస్తుందో, ఒళ్ళు మండుతుందో తెలియదు. చెప్పే నాకు మాత్రం మండుతుంది.

ఆమె వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాకా తెల్లమచ్చలు. ఇదివరకు రక్తం తీసే సెంటరులో పనిచేసేది. ఒకరోజు ఒకావిడ చాపిన చెయ్యి వెనక్కి లాక్కుని, "ఇంకెవరూ లేరా?" అంది. అంతే, ఆ మధ్యాహ్నమే యజమాని ఆమెను వెనకగదిలో సీసాలు కడగమన్నాడు. ఇంటికొచ్చి ఏడిస్తే, అత్తగారు తల నిమిరి, "ఆ గ్లవ్సులేవో వేసుకుంటే పోలా, ఊరందరికీ చూపించుకోవాలా?" అంది. ఆవిడ ప్రేమతోనే అంది. ఈమె కూడా సరేననుకుని, ఎప్పుడూ గ్లవ్స్ వేసుకునే ఉద్యోగం చూసుకుంది.

ల్యాబులో ఆమె పని చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. ల్యాబుకి అనుబంధంగా ఉన్న క్లినిక్‌లో సిస్టరు ఒక్కో పేషెంటు దగ్గర మినపగింజంత చర్మం ముక్కలు రెండు తీస్తుంది. మచ్చ మధ్యలోంచి ఒకటి, రంగు మామూలుగా ఉన్న చోటు నుంచి ఒకటి. మచ్చ ముక్కకి తెల్లమూత ట్యూబు, రెండోదానికి నల్లమూత. పేర్లుండవు, నంబర్లే. గ్లవ్సక్క ఆ ముక్కల్ని నూరి, వడగట్టి, మిషన్లో పెడుతుంది. ఆ చర్మంలో ఏ జీన్లు, అంటే జన్యువులు, పనిచేస్తున్నాయో, ఏవి పడుకున్నాయో మిషను చెబుతుంది. ఆ అంకెల్ని లెక్కలమ్మాయి కంప్యూటర్లో రంగుల గళ్ళుగా మారుస్తుంది. గట్టిగా పనిచేసే జీను ఎర్రగడి, పడుకున్నది నీలం గడి. పై వరసలో చర్మానికి రంగు తయారుచేసే జీన్లు. కింది వరసలో అలారం మోగించే జీన్లు. అవి మోగితే ఒంట్లోని కాపలా కణాలే శత్రువనుకుని రంగు కణాల మీద విరుచుకుపడతాయి.

అలారం మచ్చలోనే మోగుతుంది, మామూలు చర్మం ప్రశాంతంగా ఉంటుంది అన్నది ల్యాబు నడిపే డాక్టరుగారి సిద్ధాంతం. ఆయన పుస్తకం, ఆయన పేరు, గోడ మీద ఆయన ఫొటోలు, అన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

మూడు నెలల కిందట పేషెంట్లు చాలక పని ఆగిపోయింది. పదహారు మంది చర్మం నూరిన చేతులకి, తమ చర్మంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనిపించడం తప్పా? గ్లవ్సక్క సెలవు పెట్టి, పక్క వీధిలోని క్లినిక్‌కి మామూలు పేషెంటులా వెళ్ళింది. కౌంటర్లో కొత్తావిడ ఫారం ఇచ్చింది. గ్లవ్సక్క బల్లమీది పెన్ను తీసుకోబోతే, "అది మాదండీ, మీదిది" అని దారంతో కట్టి వేలాడదీసిన పెన్ను చూపించింది. గ్లవ్సక్క దానితోనే సంతకం పెట్టింది. సిస్టరు మాత్రం గుర్తుపట్టింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చి, ఎడమ మణికట్టు మచ్చలో ఒకచోట, పైన ముంజేతి మీద ఒకచోట ముక్కలు తీసి, నంబరు కార్డు చేతిలో పెట్టింది. పదిహేడు.

ఈ సోమవారం మీటింగులో డాక్టరుగారు తెరమీద పదిహేడో నంబరు చూపించి పెన్సిలుతో టకటక కొట్టారు. తెల్లమూత ట్యూబులో అలారం నీలం. నల్లమూత దాంట్లో ఎర్రగా భగ్గుమంటోంది.

"ట్యూబులు తారుమారు చేశావమ్మా" అన్నారు. టైపు చేసిన మెమో అప్పటికే బల్లమీద ఉంది. నా అజాగ్రత్త వల్ల శాంపిలు పాడైందని ఒప్పుకుంటున్నాను అని దాని సారాంశం. వచ్చే నెలలో ఆమె కాంట్రాక్టు కొత్తది రాయాలి. ఈ మెమో మీద సంతకం పడితే కొత్తదీ ఉండదు, పాతదీ ఉండదు. పదిహేడో నంబరు చెత్తబుట్టలోకి పోతుంది.

"మార్చలేదు సార్" అంది గ్లవ్సక్క. "పై వరస చూడండి. నల్లమూత దాంట్లో రంగు జీన్లు పనిచేస్తున్నాయి. తెల్లమూత దాంట్లో చడీచప్పుడూ లేదు. మూతలు మారితే ఆ వరస కూడా తిరగబడాలి కదా?"

లెక్కలమ్మాయి తెర వైపు చూసి, "అవును సార్" అని గొణిగింది. ఆయన ఒక్క చూపు చూసేసరికి నోరు మూసుకుంది.

"అయితే ఇంకెవరి ముక్కో కలిపేసి ఉంటావు. మంచి చర్మంలో అలారం మోగడమేంటి? పదహారు మందిలో లేనిది ఈ ఒక్కరికే ఎందుకొస్తుంది?"

"రంగు పోకముందే లోపల మొదలవుతుందేమో సార్. మచ్చ పాతదైతే అక్కడ రంగు కణాలే మిగలవు. ఇంక అలారం ఎవరికోసం మోగాలి?"

"నీ పని ట్యూబులు. ఆలోచన మాకొదిలెయ్" అన్నారాయన నవ్వుతూ. "అసలు ఈ పేషెంట్లని నమ్మడానికి లేదు. మచ్చ కనపడకుండా మొహానికి రంగు పూసుకొచ్చినాయన గుర్తున్నాడా? తుడిచేసరికి సిస్టరు చేతిలో గుడ్డంతా రంగే." బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ రంగు పూసుకున్న మనిషి ఎన్నిసార్లు అద్దం ముందు నిలబడ్డాడో వాళ్ళకి తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

గ్లవ్సక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా తమాయించుకుంది. "ఆ పేషెంటుని పిలిపించి చెయ్యి చూస్తే తేలిపోతుంది కదా సార్."

"ఇప్పుడెవరొస్తారమ్మా? మన పరిశోధన పేపరు శుక్రవారం జర్నలుకి పంపాలి. పెట్టు సంతకం." ఆయన జేబులోంచి తన ఇంకు పెన్ను తీసి, మూత తిప్పి, ఆమెకి అందించబోయారు.

సంతకం పెట్టేసి కిమ్మనకుండా వెళ్ళిపోవచ్చు. ఇంకో ల్యాబులో ఇంకో జత గ్లవ్స్ దొరక్కపోవు. అత్తగారి మాట చెవిలో వినపడింది. మరి పదిహేడో నంబరు చెప్పింది అబద్ధమైపోవాలా? తన ఒళ్ళు నిజం చెబితే, దాన్ని పాడైన శాంపిలని తన చేత్తోనే రాసివ్వాలా?

ఆమె కుడి గ్లవ్ తీసింది. తర్వాత ఎడమది. గదిలో కుర్చీలు కదిలిన చప్పుడైంది. ల్యాబు కోటు చెయ్యి మోచేతి దాకా మడిచి, నంబరు కార్డు బల్లమీద పెట్టి, చెయ్యి దీపం కిందికి చాపింది.

"పదిహేడు నేనే సార్. ఇదిగో పాతమచ్చ, మధ్యలో కోత గుర్తు. ఇది మామూలు రంగు చర్మం, రెండో కోత గుర్తు. గాయమైనచోట కూడా బొల్లి రావచ్చు, కోసినచోట తెల్లబడితే కోత వల్లే అంటారని తెలుసు. అందుకే దాన్ని వదిలెయ్యండి. దానికి నాలుగు వేళ్ళ పైన చూడండి, కత్తి తగలనిచోట. ఈ మూడు మచ్చలూ వచ్చి పదకొండు రోజులైంది. మూడు నెలల కిందటి ముక్కలోనే మీ మిషనుకి ఇది కనపడింది."

లెక్కలమ్మాయి గొంతు సవరించుకుంది. "సార్, తొమ్మిదో నంబరూ, పన్నెండో నంబరూ కూడా ఇలాగే వచ్చాయి. పాడైన శాంపిళ్ళంటూ మీరే తీసెయ్యమన్నారు. నేనే తీసేశాను. తప్పు నాదీ ఉంది."

ఆ పిల్ల మీద కూడా కోపం రావాలి, నాకు వచ్చింది కూడా. తొమ్మిదో ఆవిడా, పన్నెండో ఆయనా కోయించుకున్న చర్మం, వాళ్ళు ఓర్చుకున్న నొప్పి, సిద్ధాంతానికి నప్పలేదని బుట్టలోకి పోయాయి. వాళ్ళకి ఇప్పుడు ఎక్కడెక్కడ తెల్లబడిందో అడిగినవాళ్ళు లేరు.

"ఆ పెన్నివ్వండి సార్" అంది గ్లవ్సక్క, మచ్చల చెయ్యి చాపి.

డాక్టరుగారి చెయ్యి సగం దూరం వచ్చి ఆగింది. వెనక్కి వెళ్ళింది. ఆయన పెన్ను బల్లమీద పెట్టి, వేలితో ఆమె వైపు నెట్టారు. కావాలని చెయ్యలేదేమో. కావాలని చెయ్యకపోవడమే అన్యాయం, ఎందుకంటే వెనక్కి వెళ్ళిన ఆ చెయ్యితో ఆయన లోపలున్న అసలు మనిషి ఎవరో గదిలో అందరికీ కనపడిపోయాడు.

"మీ పేపర్లు నాలుగు నేనే టైపు చేశాను సార్. అన్నిట్లో మొదటి వాక్యం ఒకటే. గుర్తుందా?"

"అబ్బే, నా ఉద్దేశం..."

"'ఇది అంటుకునే జబ్బు కాదు.' అదీ వాక్యం."

ఆమె పెన్ను తీసుకుని మెమో తిరగేసి, ఖాళీగా ఉన్నవైపు రాసింది. "పదిహేడో శాంపిలు సరైనదే. చెయ్యి నాది. తొమ్మిదీ పన్నెండూ లెక్కలో కలపకుండా శుక్రవారం పేపరు వెళితే, ఈ కాగితం నకలు దాని వెనకే వెళుతుంది." కింద సంతకం పెట్టింది. కాగితం లెక్కలమ్మాయి వైపు జరిపితే, ఆ పిల్ల అడక్కుండానే తన పెన్నుతో దాని కింద తనదీ పెట్టింది.

గ్లవ్సక్క ఇంకు పెన్నుకి మూత బిగించి, డాక్టరుగారి ముందుకి చాపింది. బల్లమీద పెట్టలేదు. గుప్పిట విప్పి, తెల్లటి అరచేతిలో పెట్టి పట్టుకుంది. ఆయన బల్ల వైపు చూశారు, తెర వైపు చూశారు, చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూశారు. ఎవరూ నవ్వడం లేదు.

ఆయన వేళ్ళు ఆమె అరచేతికి తగిలేదాకా ఆమె చెయ్యి దించలేదు.