తేట నీళ్లు

మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో సామ్రాజ్యానికి తలపోటు పట్టుకుంది. కల్లంలో కాయ ఎండబోస్తూ కూలబడి వాంతి చేసుకుంది. పక్కచేలో ఆ పొద్దునే పురుగుమందు కొట్టారు. "మందు గాలి తగిలుంటుంది" అన్నారు కూలీలు. మొగుడు రోశయ్య అవునన్నాడు. కాదని అతనికి తెలుసు.

మందు గాలి పరువుగల జబ్బు. మిరప వేసే ఊళ్లో ఎవరికైనా వస్తుంది. అసలు జబ్బు హెచ్ఐవి. మిర్చి లారీల మీద తిరిగిన రోజుల్లో తను తెచ్చుకుని భార్యకు అంటించాడు. ఇద్దరూ గుట్టుగా ఒంగోలు వెళ్లి మాత్రలు తెచ్చుకునేవాళ్లు. ఓసారి అక్కడ ఊరివాడు సాల్మన్ ఎదురై పలకరించాడు. అప్పట్నుంచి రోశయ్య పోలేదు, ఆమెనూ పోనివ్వలేదు.

"కోతలయ్యాక చూద్దాంలే" అన్నాడు.

ఆమె మంచాన పడ్డాకే ఒక్కడూ పరుగెత్తి మాత్రలు తెచ్చాడు. గుంటూరు ఆసుపత్రిలో చేర్చాక కూడా ఎవరూ చూడకుండా కాఫీతో పాటు మింగిస్తూనే ఉన్నాడు.

అక్కడ డాక్టర్లు ఆమె వెన్నులోంచి నీరు తీశారు. సామ్రాజ్యం తమ్ముడు పేరయ్య గాజుగొట్టంలోకి తొంగిచూసి నవ్వాడు.

"చూశావా బావా, బోరు నీళ్లలా తేటగా ఉంది. అక్కకేం లేదు. నువ్వు ఊరికే బెంబేలెత్తి నా కోతలు చెడగొట్టావు."

రోశయ్యకూ గుండె కాస్త తేలికపడింది.

సాయంత్రం డాక్టరమ్మ ఫిజా వచ్చింది. "నీరు తేటగా ఉంది. అదే నా భయం" అంది. "మెదడు పొరల్లోకి క్రిమి చేరితే ఒంట్లోని కాపలా కణాలు ఎగబడొస్తాయి. నీరు మసకబారుతుంది. ఈవిడ నీటిలో కాపలా దాదాపు లేదు. సిరాచుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తే బూజుక్రిములు మాత్రం నిండా ఉన్నాయి. ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి అంతగా ఎందుకు తగ్గిందో తెలియాలి. పేరయ్యగారూ, మీరు కాసేపు బయట ఉండండి."

"మా అక్క సంగతి నాకు తెలియనిదేముందమ్మా" అని వాడు కదల్లేదు.

కాపలా లేని కల్లంలో దొంగలు పడితే అలికిడే ఉండదు. రోశయ్యకు అర్థమైంది. అయినా నోరు "ఏం లేదమ్మా" అనేసింది.

"సరే. నాకు చెప్పకుండా ఏ మాత్రా వేయకండి. కొన్ని మంచి మాత్రలే ఇప్పుడు ప్రాణం మీదికి తెస్తాయి. నిద్రపోయిన కాపలా ఒక్కసారిగా లేచి కలబడితే మెదడు వాచిపోతుంది."

రోశయ్య తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. మెల్లగా పంచెమడతలోంచి డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"హెచ్ఐవికమ్మా. నడుమ మాన్పించాను. మంచాన పడ్డాక మళ్లీ మొదలుపెట్టాను. పొద్దున కూడా వేశాను. జబ్బు నావల్లే వచ్చింది."

డాక్టరమ్మ డబ్బా చూసింది. "ఇవి కొన్నాళ్లు ఆగాలి. ముందు బూజుకు ఇంజెక్షన్లు. ఇప్పుడైనా చెప్పారు, నయం" అని గబగబా నర్సు దగ్గరికి వెళ్లింది.

"మందు గాలన్నావు గదా బావా" అన్నాడు పేరయ్య. గొంతు పెంచలేదు. పోయి అక్క కాళ్ల దగ్గర, బావకు వీపు పెట్టి కూర్చున్నాడు.

సామ్రాజ్యం కళ్లు సగం తెరిచింది.

"చెప్పావా?"

"చెప్పాను."

"కోతలయ్యాక చెబుతావనుకున్నా" అని మళ్లీ కళ్లు మూసుకుంది.